పన్ను కట్టేది ఒకరికి, పైపు వేసేది ఇంకొకరు: బెంగళూరులో ఎవరి పని ఎవరిది?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది. వర్తూరు వైపు అపార్ట్‌మెంటు, ఏటా ఏప్రిల్లోనే ఆస్తి పన్ను కట్టేస్తున్నారు. గేటు ముందు రోడ్డంతా గుంతలు. కావేరి పైపు వీధి చివరిదాకా వచ్చి ఆగింది. గట్టి వాన పడితే కాలువ పొంగి బేస్‌మెంటులోకి నీళ్లు. పాలికె (నగర కార్పొరేషన్) వాళ్లు జలమండలిని (నీళ్లు, మురుగునీటి బోర్డును) చూపిస్తారు, జలమండలి రోడ్డు తవ్వడానికి అనుమతి రాలేదంటుంది, ఎమ్మెల్యే ఆఫీసులో నిధులు రాలేదంటారు. ‘మా ఊళ్లో అయితే సర్పంచిని రచ్చబండ దగ్గరే నిలదీసేవాళ్లం, ఇక్కడ నిలదీయడానికి మనిషే లేడు, 74వ సవరణ వచ్చి ముప్పై ఏళ్లు దాటినా వికేంద్రీకరణ అంటే ఇదేనా?’ అని అడిగారు.

స్థానిక సంస్థకు అధికారం ఇచ్చామంటే మూడు చేతికివ్వాలి: పని, ఆ పని చేసే సిబ్బంది, దానికి డబ్బు. బెంగళూరులో పని పేరుకు పాలికెది. సిబ్బందిని పోస్టింగు చేసేది రాష్ట్రం. పెద్ద డబ్బు రాష్ట్ర బడ్జెట్‌లోంచో, రాష్ట్రం పెట్టిన బోర్డులూ కంపెనీల ఖాతాల్లోంచో వస్తుంది. అందుకే ఫిర్యాదు రాసేముందు ‘ఇది ఎవరి బాధ్యత’ అని తలబద్దలు కొట్టుకోకండి. ‘ఈ పనికి బిల్లు పాస్ చేసేది ఏ ఆఫీసు’ అని అడగండి. జవాబు దొరికేది అక్కడే.

ముందు చట్టం సంగతి, ఎందుకంటే గొడవంతా అక్కడి ఒక మాటలోనే ఉంది. స్థానిక ప్రభుత్వం అనేది రాజ్యాంగం ఏడో షెడ్యూల్‌లో రాష్ట్ర జాబితా 5వ అంశం. అంటే కార్పొరేషన్‌ను పుట్టించేదీ, విడగొట్టేదీ, దాని అధికారాలు రాసేదీ రాష్ట్ర శాసనసభే. 1993 జూన్ 1న అమల్లోకి వచ్చిన 74వ సవరణ 12వ షెడ్యూల్ చేర్చి పట్టణ ప్రణాళిక, నీటి సరఫరా, రోడ్లు, చెత్త, అగ్నిమాపక సేవలు లాంటి 18 అంశాలు రాసింది. కానీ 243డబ్ల్యూ అధికరణం ఆ పనులు రాష్ట్రం ‘అప్పగించవచ్చు’ అంటుంది తప్ప ‘అప్పగించాలి’ అనదు. ఎన్నికల దగ్గర మాత్రం భాష గట్టిది: 243యు ప్రకారం కౌన్సిల్ గడువు అయిదేళ్లు, గడువు ముగిసేలోపే తర్వాతి ఎన్నిక పూర్తి కావాలి. గట్టిగా రాసిన ఎన్నికలే ఇక్కడ ఎలా వాయిదా పడ్డాయో చూస్తే, మెత్తగా రాసిన అధికారాల గతి ఊహించుకోవచ్చు. ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ 18 రాష్ట్రాల ఆడిట్లను కలిపి 2024లో ఇచ్చిన లెక్క కూడా అదే చెప్పింది: కాగితం మీద సగటున 17 పనులు బదిలీ అయ్యాయి, పట్టణ సంస్థలకు పూర్తి స్వేచ్ఛ ఉన్నవి నాలుగే.

బెంగళూరులో ఆ 18 పనులు ఎక్కడెక్కడ పడ్డాయంటే: నీళ్లు, మురుగునీరు 1964 చట్టంతో పుట్టిన జలమండలికి. మాస్టర్ ప్లాన్, లేఅవుట్లు 1976 చట్టంతో వచ్చిన బెంగళూరు అభివృద్ధి సంస్థ బీడీఏకి. బస్సులు బీఎంటీసీకి, కరెంటు బెస్కాంకి, ట్రాఫిక్ హోం శాఖ కింది పోలీసులకి, ఫైరింజను రాష్ట్ర అగ్నిమాపక శాఖకి. మెట్రో సంస్థలో కేంద్రం, రాష్ట్రం చెరి సగం, అందులో నగర కౌన్సిల్‌కు చోటే లేదు. స్మార్ట్ సిటీ మిషన్ ముగిసేదాకా దాని డబ్బు కూడా ప్రత్యేక కంపెనీ ద్వారానే నడిచింది. పాలికెకు మిగిలినవి వార్డు రోడ్లు, వాన కాలువలు, చెత్త, వీధి దీపాలు, పార్కులు, శ్మశానాలు, కట్టడాల అనుమతులు. చెత్తకు కూడా విడిగా ఒక కంపెనీ పెట్టారు.

మనిషే లేడని మీరన్నది అక్షరాలా నిజం. 2007లో చుట్టుపక్కల మున్సిపాలిటీలను, 110 గ్రామాలను కలిపి బృహత్ బెంగళూరు మహానగర పాలికె, అంటే బీబీఎంపీ చేశారు. 198 వార్డులకు 2010లో, 2015లో ఎన్నికలు జరిగాయి. 2020 సెప్టెంబరు 10న కౌన్సిల్ గడువు ముగిసింది. ఆ తర్వాత బీబీఎంపీ రద్దయ్యేదాకా, అంటే దాదాపు అయిదేళ్లు, రాష్ట్రం నియమించిన పరిపాలనాధికారే కౌన్సిల్. వాయిదా వేసే పద్ధతి తెలుసుకోదగ్గది, ఎందుకంటే మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఇదే జరుగుతుంటుంది. వార్డుల సంఖ్య మారుస్తూ చట్టం తెస్తారు. సంఖ్య మారితే హద్దులు మళ్లీ గీయాలి. హద్దులు మారితే రిజర్వేషన్లు మళ్లీ తేల్చాలి. వెనుకబడిన తరగతుల కోటాకు సుప్రీంకోర్టు పెట్టిన మూడు అంచెల పరీక్ష ఉంది కనుక కమిషన్ వేసి లెక్కలు తీయాలి. ఈలోపు ఎవరో ఒకరు కోర్టుకెళ్తారు. బెంగళూరులో 198 కాస్తా 243 అయింది, ప్రభుత్వం మారాక 225 అయింది, అయిదు కార్పొరేషన్లు వచ్చాక మొత్తం 369కి చేరింది. 2020 డిసెంబరులో హైకోర్టు ఆరు వారాల్లో ఎన్నికల ప్రకటన ఇవ్వమంది. అదే నెలలో సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది.

విడ్డూరం ఏమిటంటే, కేంద్ర పంచాయతీరాజ్ శాఖ 2025 ఫిబ్రవరిలో విడుదల చేసిన అధికార బదిలీ సూచీలో కర్ణాటకది మొదటి స్థానం. గ్రామాల విషయంలో అది ఉత్తినే వచ్చిన పేరు కాదు. అబ్దుల్ నజీర్ సాబ్ మంత్రిగా ఉండగా 1987లో జిల్లా పరిషత్తులకు ఎన్నికలు పెట్టి, జిల్లా అధికారులను వాటి కింద పెట్టిన రాష్ట్రమిది, రాజ్యాంగ సవరణ ఇంకా రాకముందే. అలాంటి రాష్ట్రం రాజధాని దగ్గరికి వచ్చేసరికి చేయి బిగించింది. భూమి విలువ, కాంట్రాక్టులు, రాష్ట్ర పన్నుల రాబడి అన్నీ ఇక్కడే ఉన్నప్పుడు ఏ పార్టీ ముఖ్యమంత్రీ మేయర్‌కు తాళంచెవి ఇవ్వడు. ఊళ్లలోనూ మరీ మురిసిపోనక్కర్లేదు. ఆంధ్రలో గ్రామ సచివాలయాలు వచ్చాక సిబ్బంది ఊళ్లోకే వచ్చారు గానీ వాళ్ల మీద పెత్తనం సర్పంచిదా, శాఖలదా అన్న తగువు మీకు తెలిసిందే. కేంద్ర పన్నుల పంపకం తేల్చే ఆర్థిక సంఘం ఇప్పించిన నిధులను కరెంటు బకాయిలకు మళ్లించారని సర్పంచులు రోడ్డెక్కిందీ తెలుసు.

ఇప్పుడున్న ఏర్పాటు ఇలా ఉంది. గ్రేటర్ బెంగళూరు పాలన చట్టం 2025 మే 15న అమల్లోకి వచ్చింది. సెప్టెంబరు 2న బీబీఎంపీ స్థానంలో కేంద్ర, ఉత్తర, దక్షిణ, తూర్పు, పశ్చిమ అని అయిదు కార్పొరేషన్లు వచ్చాయి. వాటి పైన గ్రేటర్ బెంగళూరు అథారిటీ, అంటే జీబీఏ, దానికి అధ్యక్షుడు ముఖ్యమంత్రి. మహదేవపుర, కేఆర్ పుర నియోజకవర్గాలు తూర్పు కార్పొరేషన్‌లో ఉన్నాయి, మహదేవపుర కిందికి వచ్చే మీ వర్తూరు కూడా అందులోనే. మేయర్ గడువు ఏడాది నుంచి 30 నెలలకు పెంచడం మంచి పనే. ఏడాది మేయర్లకు ఇంజనీర్ల పేర్లు తెలిసేలోపే గడువు అయిపోయేది. కార్పొరేషన్ చిన్నదైతే కమిషనర్ అందుబాటులోకి వస్తాడన్నదీ ఒప్పుకోవాలి. కానీ స్థానిక సంస్థల నెత్తిన ముఖ్యమంత్రి కూర్చునే అథారిటీని పెట్టి దాన్ని వికేంద్రీకరణ అనడం నాకు మింగుడు పడదు. నగర ప్రణాళికకు రాజ్యాంగం 243జెడ్ఈలో మహానగర ప్రణాళికా సంఘాన్ని పెట్టింది. అందులో కనీసం మూడింట రెండొంతుల మంది ఎన్నికైన స్థానిక ప్రతినిధులు ఎన్నుకున్నవాళ్లే ఉండాలి. ఆ సంఘాన్ని నడిపించకుండా ఇంకో బల్ల వేసినట్టయింది.

డబ్బు విషయానికొద్దాం. కేంద్ర పన్నుల్లో రాష్ట్రాలకు పంచే వాటా 2021-26కి 15వ ఆర్థిక సంఘం లెక్కన 41 శాతం. సెస్సులు, సర్‌చార్జీలు ఆ కుప్పలోకి రావు. అందులో కర్ణాటక భాగం 14వ సంఘం నాటి 4.713 శాతం నుంచి 3.647కి పడింది. ఆ లెక్కలో ఆంధ్రది 4.047, తెలంగాణది 2.102. ఇది ఢిల్లీకీ రాష్ట్రానికీ మధ్య తగాదా, మీ గుంతకు దీనితో నేరుగా సంబంధం లేదు. కానీ ‘కేంద్రం ఇవ్వలేదు’ అన్న మాట మీ వార్డు ఆఫీసుదాకా ఇక్కడినుంచే దిగుతుంది. నేరుగా సంబంధం ఉన్నది వేరే పద్దు. 2021-26 అయిదేళ్లకు స్థానిక సంస్థలకని 15వ సంఘం 4,36,361 కోట్లు సూచించింది, అందులో పట్టణాల వంతు 1,21,055 కోట్లు. వీటికి షరతులుండేవి: ఆడిట్ అయిన లెక్కలు ఆన్‌లైన్లో పెట్టాలి, ఆస్తి పన్నుకు కనీస రేట్లు ప్రకటించాలి, రాష్ట్ర ఆర్థిక సంఘం వేసి దాని సిఫార్సులపై చర్య తీసుకోవాలి. పది లక్షలు దాటిన నగరాలకు వచ్చేది గాలి నాణ్యత, నీళ్లు, చెత్త పనులకు ముడిపెట్టిన డబ్బు. దాన్ని మీ రోడ్డుకు వాడమని అర్జీ పెడితే తిరస్కరించడం వాళ్లకు చాలా సుళువు.

మీరు కట్టే పన్నంతా కూడా పాలికె ఖర్చు పెట్టుకునేది కాదు. ఆస్తి పన్ను మీద ఆరోగ్య సెస్సు 15 శాతం, గ్రంథాలయ సెస్సు 6, భిక్షాటన నిర్మూలన సెస్సు 3 పడతాయి. చివరి రెండూ వసూలు చేసేది పాలికె, చేరాల్సింది గ్రంథాలయ శాఖకు, సాంఘిక సంక్షేమ శాఖ కింది సంస్థకు. ఆ బకాయిల పంచాయితీ ఏళ్లుగా నడుస్తోంది. ఇక కేంద్ర ప్రభుత్వ ఆస్తులకు 285వ అధికరణం కింద ఆస్తి పన్ను మినహాయింపు. రక్షణ శాఖ భూములు ఇన్ని ఉన్న నగరంలో అది చిన్న సంగతి కాదు. రాజ్‌కోట్ కార్పొరేషన్ కేసులో 2009లో సుప్రీంకోర్టు ఉత్తర్వు తర్వాత సేవా రుసుముగా ఆస్తి పన్నులో 75, 50 లేదా 33⅓ శాతం, వాడుకునే సేవలను బట్టి, రాబట్టుకోవచ్చు.

ఇక మీ మూడు సమస్యలు.

రోడ్డుతో మొదలుపెట్టండి. అది ఎవరిదో తేల్చడమే సగం పని. జాతీయ రహదారి, దాని సర్వీసు రోడ్డు అయితే కేంద్రం కింది రహదారుల సంస్థ. మెట్రో స్తంభాలు లేస్తున్న చోట సంరక్షణను మెట్రో సంస్థకు అప్పగించి ఉండవచ్చు. పెద్ద ప్రధాన రోడ్లకు విడి ఇంజనీరింగు విభాగం, లోపలి వీధులకు వార్డు ఇంజనీరు. వార్డు ఇంజనీరు దగ్గరకు ప్రధాన రోడ్డు ఫిర్యాదు తీసుకెళ్తే మూసేస్తారు, మీకు ‘పరిష్కరించబడింది’ అని మెసేజ్ వస్తుంది. 1533కి ఫోన్ చేసి నంబరు తీసుకోండి, కానీ దానిమీదే కూర్చోవద్దు. ఆ రోడ్డు చివరిసారి వేసిన పని ‘జాబ్ నంబరు’ పట్టుకోండి. ప్రతి పనికీ ఒకటి ఉంటుంది, బిల్లు దాని పేరే చెల్లిస్తారు. దానితోపాటు అడగాల్సింది కాంట్రాక్టరు లోపాల బాధ్యతా కాలం ఏ తేదీన ముగుస్తుందన్నది. మామూలుగా రెండు మూడేళ్లు ఉంటుంది. ఆలోపు రోడ్డు చెడితే కాంట్రాక్టరు సొంత ఖర్చుతో బాగుచేయాలి, పాలికెకు నిధులు అక్కర్లేదు. ‘నిధులు లేవు’ అన్న జవాబు ఇక్కడ చెల్లదు.

ఇందులో దెబ్బతినే చోటు ఒకటుంది. మధ్యలో జలమండలో, గ్యాస్, కేబుల్ సంస్థో రోడ్డు తవ్వితే కాంట్రాక్టరు తన బాధ్యత తీరిపోయిందంటాడు. అందుకని తవ్వకానికి అనుమతి ఎప్పుడిచ్చారు, పునరుద్ధరణకు ఎంత కట్టించుకున్నారు అని కూడా కలిపి అడగాలి. ఆ డబ్బు కట్టించుకున్నాక పూడ్చి తారు వేయాల్సింది పాలికె. సంస్థే పూడుస్తానని ఒప్పుకుని ఉంటే ఆ సంస్థ. తవ్వకాల అనుమతులన్నీ ఒకే ఆన్‌లైన్ వ్యవస్థ ద్వారా వెళ్తాయి కనుక రికార్డు లేదనడానికి వీల్లేదు.

అడిగే సాధనం సమాచార హక్కు దరఖాస్తు. పది రూపాయల పోస్టల్ ఆర్డరు. కర్ణాటక నిబంధనల్లో దరఖాస్తు 150 మాటలు దాటకూడదు, ఒకే విషయం ఉండాలి. మనవాళ్లు చేసే పొరపాటు ఇక్కడే, మూడు పేజీల ఆవేదన రాసి తిరస్కరణ తెచ్చుకుంటారు. ‘ఎందుకు వేయలేదు’ అని అడగవద్దు, కారణాలు సృష్టించి చెప్పే బాధ్యత వాళ్లకు లేదు. ఉన్న కాగితాలు అడగండి. ఇంత చాలు:

‘ఫలానా వీధి, ఫలానా చోటు నుంచి ఫలానా చోటు దాకా, గత అయిదేళ్లలో చేసిన తారు పనుల జాబ్ నంబర్లు, పని ఉత్తర్వులు, కొలతల పుస్తకం పేజీలు, చెల్లించిన బిల్లులు, లోపాల బాధ్యతా కాలం ముగిసే తేదీలు, అదే భాగంలో ఇచ్చిన తవ్వకం అనుమతుల నకళ్లు ఇవ్వగలరు.’

దీన్ని కన్నడంలో రాయించి పంపండి. పాలనా భాష అది, కింది స్థాయి ఉద్యోగి చదివి వెంటనే పని మొదలుపెట్టగలడు. ఇంగ్లిషు కాగితం పెద్ద ఆఫీసర్ల మధ్య తిరుగుతుంది. ఆఫీసు తప్పినా ఫరవాలేదు, సరైన చోటికి అయిదు రోజుల్లో వాళ్లే బదిలీ చేయాలి. జవాబుకు 30 రోజులు, రాకపోతే మొదటి అప్పీలు మరో 30 రోజుల్లో వేయాలి. నకళ్లు రాగానే కొలతల పుస్తకంలో తారు మందం, పొడవు చూడండి. కాగితం మీద ఉన్న మందానికీ రోడ్డు అంచున కనిపించేదానికీ తేడా ఉంటే, అది ఫిర్యాదు స్థాయి దాటిపోయి లోకాయుక్త పరిధిలోకి వస్తుంది.

నీళ్ల సంగతి వేరు, అందులో పాలికె పాత్ర దాదాపు సున్నా. కావేరి నీటి పంపకంలో సుప్రీంకోర్టు 2018 తీర్పు కర్ణాటకకు 284.75 టీఎంసీలు ఖరారు చేసింది, అందులో బెంగళూరు తాగునీటికని అదనంగా ఇచ్చినది 4.75. అమలు చూసేది కేంద్రం పెట్టిన అథారిటీ. 110 గ్రామాల కోసం తలపెట్టిన అయిదో దశ, రోజుకు 775 మిలియన్ లీటర్లు, జపాన్ రుణంతో కట్టి 2024 అక్టోబరులో ప్రారంభించారు. విదేశీ రుణం కనుక అదీ కేంద్రం గుండానే వచ్చింది. మీ సంపుదాకా ఆ నీరు చేర్చేది జలమండలి, దాని నెత్తిన ఉన్నది రాష్ట్ర ప్రభుత్వం. కార్పొరేటర్ వచ్చినా సిఫారసు చేయగలడే తప్ప ఆదేశించలేడు. పైపు వీధి చివర ఆగిందంటే రెండు కారణాల్లో ఒకటి: పంపిణీ పైపు ఆ వీధికి మంజూరు కాలేదు, లేదా మీ వీధివాళ్లు దరఖాస్తులు పెట్టలేదు. మొదటిదైతే జలమండలి సబ్‌డివిజన్ అసిస్టెంట్ ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు (ఏఈఈ) దగ్గర నెట్‌వర్క్ పటం చూపించమనండి. రెండోదైతే అపార్ట్‌మెంటు సంఘం పేరున దరఖాస్తు పెట్టి, కట్టడ విస్తీర్ణం లెక్కన పడే ప్రోరేటా ఛార్జీలు కట్టాలి. ఈ మొత్తం పెద్దదే, వార్షిక సర్వసభ్య సమావేశంలో ముందే తీర్మానం చేసుకోండి. ఓసీ, అంటే భవనంలో నివాసం ఉండొచ్చని ఇచ్చే ధ్రువపత్రం, లేని భవనాలకు చిక్కు ఉంది. 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు ఓసీ చూశాకే నీళ్లు, కరెంటు కనెక్షన్లు ఇవ్వాలంది. మీ బిల్డరు ఓసీ తెచ్చాడో లేదో మొదట అది చూసుకోండి. మామూలు ఫిర్యాదులకు జలమండలి నంబరు 1916.

కాలువ విషయంలో ముందు అది ఏ నీరో చూడండి. ఎండాకాలంలో కూడా పారుతూ కంపు కొడితే మురుగు, జలమండలిది. వానకు మాత్రమే పొంగితే వాన కాలువ, పాలికెది. అందులోనూ రోడ్డు పక్క చిన్న కాలువ వార్డుది, పెద్ద ప్రధాన కాలువ (రాజకాలువె) ప్రత్యేక విభాగానిది. మహదేవపుర వైపు చాలాచోట్ల అసలు జబ్బు ఏమిటంటే, ఎగువ చెరువు అలుగు నుంచి దిగువ చెరువుకు వెళ్లే కాలువను మధ్యలో ఎవరో కప్పేసి ఉంటారు. అప్పుడు పూడిక ఎంత తీసినా లాభం లేదు. గ్రామ నక్షాలో కాలువ ఎక్కడుందో చూసి, తహసీల్దారు సర్వేయరుతో కొలిపించి ఆక్రమణ తొలగింపు ఉత్తర్వు ఇవ్వాలి. ఆ ఉత్తర్వు లేకుండా పాలికె జేసీబీ కదలదు. కాబట్టి అర్జీ రెవెన్యూ శాఖకు, నకలు రాజకాలువె విభాగానికి. తిరగేసి పంపితే నెలలు పోతాయి.

ఎమ్మెల్యే, ఎంపీ నిధుల సంగతీ అడిగారు. కర్ణాటకలో ఎమ్మెల్యే ప్రాంతాభివృద్ధి నిధి ఏటా 2 కోట్లు, ఎంపీది 5 కోట్లు. మొత్తం నియోజకవర్గానికి అదే, మీ రోడ్డు మొత్తం దానితో అయ్యే పని కాదు. బస్ షెల్టరు, ప్రభుత్వ బడి గది, పార్కు పనుల్లాంటి వాటికి అడగండి. అపార్ట్‌మెంటు కాంపౌండు లోపలి పనులకు ఆ డబ్బు వాడే వీల్లేదు.

ఇవన్నీ చేసేముందు ఇంకొక కాగితం చూసుకోవాలి. మీ గేటు ముందు రోడ్డు ప్రైవేటు లేఅవుట్‌దా? అయితే బిల్డరు రోడ్లను, పార్కు స్థలాన్ని స్థానిక సంస్థకు రిజిస్టరు చేసి అప్పగించిన రిలింక్విష్‌మెంట్ పత్రం ఉందా? అది లేకపోతే రికార్డుల్లో ఆ రోడ్డు ఇంకా ప్రైవేటు ఆస్తే, దానిమీద తారు పోస్తే ఆడిట్ అభ్యంతరం వస్తుందని ఇంజనీరు భయం, ఆ భయం సబబే. అలాగే మీ పన్ను రసీదు కార్పొరేషన్ ఈ-ఖాతా (ఆన్‌లైన్ ఆస్తి రికార్డు)దా, లేక గ్రామ పంచాయతీ ఇచ్చే 9, 11 నమూనాలదా చూడండి. పంచాయతీదైతే పైన చెప్పిన పాలికె ఆఫీసులేవీ మీవి కావు, మీ సర్పంచి పద్ధతే ఇక్కడా పనికొస్తుంది: గ్రామసభలో తీర్మానం, పంచాయతీ అభివృద్ధి అధికారి (పీడీఓ) సంతకం, తాలూకా పంచాయతీ. వర్తూరు దాటాక ఈ హద్దు వీధి వీధికీ మారుతుంది. ఈ రెండు కాగితాలూ దగ్గర పెట్టుకుని, ఇక్కడ మళ్లీ రాస్తే మీ రోడ్డుకు దరఖాస్తు ఏ ఆఫీసుకు వేయాలో చెప్పడం తేలిక.